జామ మొద్దును, ఏటి కట్టెను, చెట్టు బెరడును తాబేలు తొట్టిలో పెట్టవచ్చునా?

ప్రశ్న
రాసినవారు: తాబేటిగూడు (భవానీపురం, విజయవాడ)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో మూడేళ్ళుగా ఒక ఎర్రచెవుల తాబేలు పెరుగుతోంది. పక్క వాటాలో అద్దెకు ఉన్న కుటుంబం బెంగళూరు వెళ్ళిపోతూ మా అబ్బాయికి ఇచ్చి వెళ్ళినప్పుడు అది అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదిగా ఉండేది. ఇప్పుడు దాని డిప్ప పొడవు 14 సెంటీమీటర్లు. నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న గాజు తొట్టిలో ఒక అడుగు లోతున, అంటే సుమారు 170 లీటర్ల నీటిలో ఉంచుతున్నాము. ఎండ కాచుకోవడానికని కొన్న ప్లాస్టిక్ మెట్టు దాని బరువుకు ఒక పక్కకు ఒరిగిపోతోంది. పైగా గాజుకు అంటించే రబ్బరు బిళ్ళలను అది కొరికి తుంచుతోంది. మొన్న నీటిలో తేలుతున్న రబ్బరు ముక్క చూసినప్పటి నుంచి నాకు మనసు నిలవడం లేదు. అందుకని ప్లాస్టిక్ తీసివేసి కర్రతోనే మెట్టు ఏర్పాటు చేయాలని అనుకుంటున్నాము.

నా దగ్గర మూడు రకాలు ఉన్నాయి. మొదటిది, తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊరి పెరట్లో 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను గాలికి పడిపోయిన జామచెట్టు మొద్దు. బాగా ఎండింది కానీ అక్కడక్కడ బెరడు ఇంకా అంటుకొని ఉన్నది. రెండవది, 2024 సెప్టెంబరు వరద తీసిన తరువాత మావారు కృష్ణ ఒడ్డున ఏరి తెచ్చిన కట్టె. నీటిలో నలిగి నున్నగా, బూడిద రంగులో, చూడడానికి మూడింటిలోనూ అదే అందంగా ఉంటుంది. మూడవది, చేపల దుకాణంలో ఇచ్చిన పెద్ద పెద్ద బెరడు పలకలు. అవి ఏ చెట్టువని అడిగితే ఆయనకు తెలియదన్నారు, ఉప్పు నీళ్ళతో కడిగి వేసేయమన్నారు. జామ ముక్కనొకదాన్ని బకెట్టులో వేసి చూస్తే రెండు రోజులకే నీరు టీ డికాక్షన్ రంగుకు తిరిగింది. ఈ రంగు విషమా? ఈ మూడింటిలో దేన్ని పెట్టవచ్చు, పెట్టే ముందు ఏమి చేయాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం
రాసినవారు: నాలుగో లైను (బ్రాడీపేట, గుంటూరు)

అమ్మా, నేను తొమ్మిదేళ్ళుగా రెండు ఎర్రచెవుల తాబేళ్ళను కర్ర మెట్ల మీదనే పెంచుతున్నాను కనుక తెలిసినంత వరకు చెబుతాను. ఏ చెట్టు కర్ర మంచిదనే ప్రశ్నకు తరువాత వద్దాము. దానికంటే ముందు తెలుసుకోవలసింది, ఆ కర్ర చెట్టు మీద ఉన్నప్పటి నుంచి మీ చేతికి వచ్చే వరకు ఎక్కడెక్కడ ఉన్నది, దాని మీద ఏమేమి పడ్డాయి అన్న సంగతి. కర్ర నిండా సన్నని గొట్టాలే ఉంటాయి. పురుగుమందు కలిసిన నీరు, చెదల మందు, వార్నిష్, కిరోసిన్, ఇంజను ఆయిల్ వంటివి ఒకసారి వాటిలోకి ఇంకితే, పైపైన ఎంత తోమినా అవి బయటికి రావు. తొట్టిలో వేసిన తరువాత మాత్రం నెమ్మదిగా, నెలల తరబడి నీటిలోకి దిగుతూనే ఉంటాయి. మన తాబేలు ఆ నీటిలోనే ఈదుతుంది, ఆ నీటినే తాగుతుంది, ఆ కర్రనే కొరుకుతుంది.

ఉడకబెడితే అన్నీ పోతాయని చాలామంది నమ్ముతారు. ఉడకబెడితే పురుగులు, వాటి గుడ్లు, బూజు, సూక్ష్మజీవులు చస్తాయి, వగరు కూడా కొంత దిగుతుంది. మందు మాత్రం పోదు. దుకాణంవారు చెప్పిన ఉప్పు నీళ్ళ కడుగుడు పై పొరను దాటి లోపలికి వెళ్ళదు కనుక దాని మీద ఆధారపడకండి.

ఈ లెక్కన మీ మూడింటినీ చూద్దాము. ఏటి కట్టె అందంగా ఉంటుందన్న మాట నిజమే. నీటిలో నాని, ఎండలో ఎండి, మెత్తని భాగమంతా రాలిపోయి చేవ మాత్రమే మిగిలిన కర్ర నిర్మాణం రీత్యా తొట్టికి చక్కగా సరిపోతుంది. అయితే మీది ఏ వరదలో వచ్చిందో ఆలోచించండి. ఆ సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. బుడమేరు పొంగి సింగ్ నగర్ వంటి పేటలు రోజుల తరబడి మునిగి ఉన్నాయి. మురుగు, డీజిలు, పొలాల మందులు అన్నీ కలిసిన నీటిలో ఆ కట్టె ఎన్నాళ్ళు నానిందో, అంతకు ముందు అది ఏ ఇంటి వాసమో, ఏ పడవ చెక్కో మనకు తెలియదు. చరిత్ర తెలియని కర్రను నేను పెట్టను. మీ వరండాలో పూలకుండీ పక్కన అలంకారంగా ఉంచుకోండి.

పేరు తెలియని బెరడుకూ ఇదే తీర్పు. బెరడు గురించి మొక్కలు తెలిసినవారు ఇంకా బాగా చెప్పగలరు.

ఇక జామ. జామ కర్ర గట్టిది, దట్టమైనది. జిగురు కారదు, పాలు కారవు, ఘాటైన నూనెలు ఉండవు. చేపల తొట్లు అలంకరించేవారు కూడా దాన్ని ఎప్పటి నుంచో వాడుతున్నారు. మీ మొద్దు రెండేళ్ళకు పైగా ఎండింది కనుక పచ్చి రసం మిగిలి ఉండదు. పచ్చికర్రను మాత్రం ఏ చెట్టుదైనా వేయకూడదు. దానిలోని రసం, చక్కెరలు నీటిలోకి దిగి కుళ్ళి, నీటిలోని ప్రాణవాయువును తినేసి, తొట్టి అంతా కంపు కొడుతుంది. మీ మొద్దును ముందు మేకుతో అక్కడక్కడ గుచ్చి చూడండి. మేకు తేలికగా దిగితే అక్కడ పుచ్చు ఉన్నట్టు. ఆ భాగాన్ని గట్టి చేవ తగిలే వరకు చెక్కి పారవేయాలి. మిగిలిన బెరడునంతా తప్పకుండా ఒలిచివేయాలి. పొడిగా ఉన్నప్పుడు రాకపోతే రెండు రోజులు నానబెడితే కత్తి మొనకు పట్టలు పట్టలుగా ఊడి వస్తుంది. తరువాత గట్టి బ్రష్షుతో నీళ్ళు పోస్తూ తోమండి. సబ్బు, ఫినాయిలు, పాత్రలు తోమే పొడి దగ్గరికి రానివ్వకండి.

ఆ తరువాత పెద్ద గుండిగలో గాని, పాత డ్రమ్ములో గాని పూర్తిగా మునిగేటట్టు వేసి రెండు గంటలు ఉడకబెట్టండి. లావు మొద్దుకు లోపలి దాకా వేడి చేరడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. వంటకు వాడే గిన్నెలను దీనికి వాడవద్దు. ఇప్పుడు బాగానే ఉన్నట్టు అనిపించినా, ముందు ముందు పాకుడు పట్టిన కర్రను తొట్టిలో నుంచి తీసి మళ్ళీ ఉడకబెట్టవలసి వస్తుంది. తాబేళ్ళ ఒంటి మీద, పేడలో సాల్మొనెల్లా బాక్టీరియా ఉండడం సర్వసాధారణం. పిల్లలకు దాని వల్ల జబ్బు చేస్తున్నదనే అమెరికాలో 1975లో నాలుగు అంగుళాల కంటే చిన్న తాబేళ్ళ అమ్మకాన్ని నిషేధించారు. మీ ఇంట్లో చిన్నవాడు ఉన్నాడు కనుక ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. తొట్టి గిన్నె వేరు, వంట గిన్నె వేరుగా ఉండాలి.

ఉడికిన తరువాత బకెట్టులో నానబెట్టి రోజూ నీరు మార్చండి. ఆ డికాక్షన్ రంగు టానిన్ అనే వగరు పదార్థానిది, విషం కాదు. మొదటి వారం చిక్కగా, రెండో వారం పలుచగా వస్తుంది. ఒక రోజంతా నానినా నీరు లేత పసుపు దాటనప్పుడు తొట్టిలో వేయవచ్చు, పూర్తిగా తేటపడే దాకా ఆగనవసరం లేదు. టానిన్ నీటిని కొంచెం ఆమ్లం వైపు తిప్పుతుంది. మన బోరు నీటిలో కార్బొనేట్లు ఎక్కువ కనుక అవి ఆ ఆమ్లాన్ని తట్టుకుంటాయి. ఎర్రచెవుల తాబేలుకు పీహెచ్ 6.5 నుంచి 8 వరకు ఇబ్బంది లేదు. మునిసిపాలిటీ కృష్ణ నీరు పోసేవారైతే ఒక పీహెచ్ కిట్టు కొని మొదటి నెలలో వారానికి ఒకసారి చూసుకోవడం మంచిది. రంగు మీకు నచ్చకపోతే ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్ సంచి ఒకటి పెట్టండి, తగ్గిపోతుంది.

మన ప్రాంతంలో దొరికే మిగతా చెట్ల సంగతి కూడా అడుగుతారు కనుక చెబుతున్నాను. గన్నేరు, పచ్చగన్నేరు, జిల్లేడు, జెముడు జాతి, ఇంకా పాలు కారే ఏ చెట్టయినా ప్రమాదమే. గన్నేరులోని విషం గుండె మీద పనిచేస్తుంది, ఎంత ఎండినా దాన్ని నమ్మకూడదు. మామిడి, జీడిమామిడి ఒకే కుటుంబానికి చెందినవి. వాటి జిగురు మన చర్మాన్నే పొక్కిస్తుంది, పైగా మామిడి కర్ర నీటిలో త్వరగా పుచ్చుతుంది. టేకులో నూనెతో కూడిన పదార్థాలు ఉంటాయి, చెదలు పట్టకపోవడానికి అవీ ఒక కారణం. చెదపురుగుకు పడనిది తాబేలుకు పడుతుందని అనుకోవడం ఎందుకు? వేప, జామాయిల్ కర్రలను కూడా ఇదే ఆలోచనతో వదిలివేశాను. తుమ్మలో టానిన్ ఎంత ఎక్కువంటే దాని బెరడును, తంగేడు బెరడును తోళ్ళు పదును చేయడానికి వాడుతారు. ఎన్ని వారాలు నానబెట్టినా నీటి రంగు ఒక పట్టాన తగ్గదు. చింత చేవ బరువైనది, ఎండినదైతే వాడవచ్చు. నా తొట్టిలో ఒకటి ఆరేళ్ళుగా ఉన్నది.

కోత మిషన్ల దగ్గర, ఫర్నిచరు దుకాణాల దగ్గర మిగిలే ముక్కలు తెచ్చుకోవద్దు. వాటికి ఏ మందు పూశారో అడిగినా సరైన సమాధానం దొరకదు. ప్లైవుడ్ సంగతి చెప్పనే అక్కరలేదు, దాని జిగురే విషం. కొండపల్లి అడవిలోను, హంసలదీవి వైపు మడ అడవుల్లోను కర్ర ఏరడం చట్టరీత్యా నేరం కనుక అటు వెళ్ళకండి.

సమాధానం
రాసినవారు: చెరువుగట్టు (పటమట, విజయవాడ)

పై వారు చెప్పిన దానిలో చాలా భాగంతో నేను ఏకీభవిస్తాను. నేను పుట్టింది కైకలూరు వైపు. చేపల చెరువుల మధ్య పెరిగినవాణ్ణి కనుక ఆ జాబితాలో కానుగను కూడా చేర్చమంటాను. కానుగను చేపలను మత్తెక్కించి పట్టడానికి వాడేవారు. విజయవాడ రోడ్ల పక్కన ఎక్కడ చూసినా కానుగ చెట్లే కనుక, కొమ్మలు కొట్టినప్పుడు ఉచితంగా దొరికింది కదా అని తెచ్చుకొనే ప్రమాదం ఉన్నది.

ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. లావు మొద్దును గంటల కొద్దీ ఉడికిస్తే నార మెత్తబడి, నీటిలో పై పొర త్వరగా చివుకుతుంది. చేతి మణికట్టు లావున్న కొమ్మలను ఉడకబెట్టండి. అంతకంటే లావైతే మరిగే నీళ్ళు రెండు మూడు సార్లు పోసి, నాలుగు వారాలు నానబెట్టి, నడుమ నడుమ డాబా మీద ఎండబెట్టండి. మన ఏప్రిల్, మే నెలల ఎండలో డాబా గచ్చు మీద పెట్టిన కర్ర లోపలి దాకా కాగుతుంది. బ్లీచింగ్ నీళ్ళలో ముంచమని కొందరు చెబుతారు. దాన్ని నేను ఒప్పుకోను. క్లోరిన్ కర్ర లోపలికి ఇంకిన తరువాత తీయడం కష్టం. ఇప్పటికే ముంచి ఉంటే, ఆక్వా మందుల దుకాణాల్లో హైపో అనే పేరుతో అమ్మే సోడియం థయోసల్ఫేటు కలిపిన నీటిలో నానబెట్టి, బాగా ఎండబెట్టి, క్లోరిన్ వాసన ఏ మాత్రం లేదని నిర్ధారించుకొని వాడాలి.

నేను ముఖ్యంగా రాయదలచుకున్నది వేరే ఉన్నది. కర్రలోని విషం గురించి అందరూ అడుగుతారు, కర్రను నిలబెట్టే తీరు గురించి ఎవరూ అడగరు. నాకు జరిగిన నష్టమంతా ఆ రెండో దాని వల్లనే.

ఐదేళ్ళ కిందట ఒక చింత వేరు మొద్దును తెచ్చి, శుభ్రం చేసి, నా తొట్టి వెడల్పుకు అది సరిగ్గా అమరిందని సంతోషించి ముందు గాజుకు, వెనక గాజుకు మధ్య బిగించాను. అప్పుడది పొడిగా ఉన్నది. కర్ర నీరు తాగినప్పుడు పోగు పొడవునా దాదాపు పెరగదు కానీ, పోగుకు అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది. గాజు సాగదు. రెండు వారాల తరువాత ఒక రాత్రి ముందు గాజు కింది మూల నుంచి పైదాకా చిట్లి, నీరంతా హాలులోకి వచ్చింది. తాబేలుకు గాయం కాలేదు, అంతవరకు అదృష్టం. అందుకని ఏ కర్రనైనా ముందు నానబెట్టి, అది పెరగవలసినంత పెరిగిన తరువాతనే కొలవండి. అప్పుడు కూడా గాజుకూ కర్రకూ మధ్య కనీసం రెండు సెంటీమీటర్లు వదలండి.

రెండవది మరీ బాధాకరమైనది. తాబేలు నీటిలో బతికినా ఊపిరితిత్తులతో గాలి పీల్చుకొనే జీవి. మా బంధువుల ఇంట్లో ఒక చిన్న తాబేలు కర్ర కింది సందులోకి దూరి, వెనక్కు రాలేక, తెల్లవారేసరికి చనిపోయింది. కర్ర కింద సందు ఉంటే అది తాబేలు తల కూడా పట్టనంత చిన్నదిగా ఉండాలి, లేదా అది లోపలే వెనక్కు తిరిగి రాగలిగినంత పెద్దదిగా ఉండాలి. ఈ రెంటికీ మధ్యస్థంగా ఉండే సందే ప్రాణం తీస్తుంది. మీ తాబేలు డిప్ప వెడల్పు సుమారు 12 సెంటీమీటర్లు ఉండవచ్చు. అందువల్ల సందు 18 సెంటీమీటర్లకు తక్కువ కాకూడదు, లేకపోతే అసలు సందే లేకుండా గ్రానైటు ముక్కలతో మూసివేయాలి. పైగా ఇది ఏటేటా పెరిగే జీవి. ఆడదైతే డిప్ప 25 సెంటీమీటర్లు దాటుతుంది. ఈ సంవత్సరం సరిపోయిన సందు వచ్చే సంవత్సరం ఉచ్చు అవుతుంది. ఆరు నెలలకు ఒకసారి కొలుచుకోండి.

ఎండిన కర్ర మొదట తేలుతుంది. తేలే కర్ర మీదికి తాబేలు ఎక్కబోతే అది దొర్లుతుంది. గ్రానైటు దుకాణంలో మిగులు ముక్క ఒకటి తెచ్చి, దానికి అడుగు నుంచి రంధ్రాలు వేయించి, స్టెయిన్‌లెస్ స్టీలు మరలతో కర్రను బిగించండి. మామూలు ఇనుప మేకులు తుప్పు పడతాయి. తెల్లగా మెరిసే జింకు పూత మరలు నీటిలోకి జింకును వదులుతాయి కనుక అవీ వద్దు. జిగురు వాడవలసి వస్తే అక్వేరియం సిలికానే వాడండి, స్నానాల గదులకు వాడే సిలికానులో బూజు పట్టకుండా మందు కలుపుతారు.

దీపం సంగతి కూడా మరువవద్దు. ఎండ కాచుకొనే చోట కర్ర పైభాగం 32 నుంచి 35 డిగ్రీలు ఉంటే చాలు. వేడి దీపాన్ని పొడి కర్రకు కనీసం 30 సెంటీమీటర్ల ఎత్తున, క్లిప్పుతో కాకుండా గొలుసుతో వేలాడదీయండి. క్లిప్పు జారి దీపం కర్ర మీద పడితే నిప్పు అంటుకుంటుంది. ఈ ఎండల్లో పగటిపూట మన ఇళ్ళే 35 డిగ్రీలు దాటుతాయి కనుక వేడి దీపాన్ని ఆపి, ఎండలోని అతినీలలోహిత కిరణాల వంటివి ఇచ్చే యూవీబీ దీపాన్ని మాత్రం ఉంచండి. ఇంకొక మాట: వేసవిలో నీరు ఆవిరై రెండు మూడు రోజుల్లోనే మట్టం దిగుతుంది. నిన్న అందిన మెట్టు ఈ రోజు అందదు. గాజు మీద ఒక గీత గీసి ఆ మట్టానికి నీరు పోస్తూ ఉండండి.

సమాధానం
రాసినవారు: మల్లెపందిరి (కొరిటెపాడు, గుంటూరు)

నేను ఆర్కిడ్లు పెంచుతాను, మా అన్నయ్యగారి పిల్లలకు తాబేలు ఉన్నది. బెరడు గురించి నాకు తెలిసింది రాస్తున్నాను.

దుకాణాల్లో పలకలుగా, ముక్కలుగా దొరికే బెరడులో ఎక్కువ భాగం పైన్ చెట్టుది. అది మొక్కల కుండీల కోసం వస్తుంది. పైన్, దేవదారు వంటి చెట్ల బెరడులో జిగురు, ఘాటైన వాసన ఇచ్చే పదార్థాలు ఉంటాయి. ఆర్కిడ్ల వేళ్ళకు అది పనికి వస్తుంది కానీ నీటిలో మునిగి ఉండే జీవి పక్కన దాన్ని పెట్టకూడదు. వాటిలో కొన్నింటికి శిలీంధ్రాల మందు కూడా కొట్టి అమ్ముతారు. మీ పలకను కొంచెం గీరి వాసన చూడండి. కర్పూరం వంటి వాసన గాని, రంగు డబ్బా వంటి వాసన గాని వస్తే వెంటనే పక్కన పెట్టండి. వాసన రాకపోయినంత మాత్రాన మంచిదని కూడా అనలేము.

తాబేళ్ళకు నిశ్చింతగా పెట్టదగిన బెరడు నాకు తెలిసి ఒక్కటే ఉన్నది. అది కార్కు ఓక్ చెట్టు బెరడు, సీసా బిరడాలు చేసేది. ఆ చెట్లు పోర్చుగల్, స్పెయిన్ దేశాల్లో ఎక్కువ. దానిలోకి నీరు ఇంకదు, కనుక ఏళ్ళ తరబడి కుళ్ళకుండా తేలుతూ ఉంటుంది. మన దగ్గర ఆన్‌లైనులో తెప్పించుకోవలసిందే, ధర కూడా ఎక్కువే. కొన్నా, పెద్ద తాబేలు బరువుకు మునిగిపోకుండా లావుపాటి ముక్క తీసుకోవాలి. కొరికే అలవాటున్న తాబేలైతే దాన్ని కూడా తుంచుతుంది. రబ్బరు కొరికిందని మీరు రాశారు కనుక ఈ మాట అంటున్నాను.

మన చెట్ల బెరడు ఏదైనా సరే నీటిలో వేస్తే కొన్ని వారాలకే కర్ర నుంచి విడివడుతుంది. ఆ సందులో పేడ, మిగిలిన మేత చేరి కుళ్ళిన కోడిగుడ్డు వాసన పుడుతుంది. విడివడిన పెచ్చును తాబేలు మింగితే పేగులో అడ్డుపడుతుంది. అందుకే జామ మొద్దు బెరడును పూర్తిగా ఒలవమని పై వారు అన్నారు. నున్నని జామ మీద తాబేలు గోళ్ళు జారతాయేమో అని మీకు అనిపిస్తే, ఎక్కే పక్కన రంపంతో అడ్డంగా లోతు తక్కువ గాట్లు పెట్టించండి. గరగరలాడే అంచులు మిగలకుండా వాటిని గరుకు కాగితంతో రుద్దాలి. అంచు పదునుగా ఉంటే కింది డిప్ప గీసుకొని, ఆ గీతలో నుంచి డిప్ప కుళ్ళు మొదలవుతుంది.

వెదురు పెట్టాలని ఎవరికైనా ఆలోచన ఉంటే, కణుపుల మధ్య బోలులో నీరు నిలిచి మురుగుతుందని గుర్తుంచుకోండి. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి కర్ర తేలికగా ఉంటుంది, తేలుతుంది కూడా. కానీ ఉలికి వెన్నలా తెగేంత మెత్తని కర్ర అది, తాబేలు దవడకు ఎంతసేపు? రంగులు వేసిన బొమ్మల సంగతి ఇక వేరే చెప్పాలా.

సహజమైన వస్తువు ఏదో ఒకటి తొట్టిలో ఉండాలని మీ అబ్బాయికి ముచ్చటగా ఉంటే, నాటు బాదం చెట్టు కింద రాలి ఎర్రబడి ఎండిన ఆకులు రెండు కడిగి వేయండి. వాటిలోనూ టానినే ఉన్నది, నీటికి లేత రంగు వస్తుంది. మెత్తబడి చిరగడం మొదలుపెట్టగానే తీసివేయాలి, లేకపోతే ఫిల్టరు మూసుకుపోతుంది.

ప్రశ్న అడిగినవారి మాట
రాసినవారు: తాబేటిగూడు (భవానీపురం, విజయవాడ)

ఇంత వివరంగా రాసిన మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. నాలుగో లైను గారూ, కర్ర ఎక్కడెక్కడ ఉన్నదో ముందు కనుక్కోమన్నారు కదా అని మా మేనమామగారికి ఫోను చేసి అడిగాను. జామచెట్టుకు ఎప్పుడూ మందు కొట్టలేదని, ఇంట్లో పిల్లలు తినే కాయలు కనుక అమ్మమ్మ ఒప్పుకునేది కాదని అన్నారు. నాకు ఊరట కలిగింది. తరువాత మాటల్లో మాటగా, మొద్దు ఏడాదికి పైగా ఇంటి వెనక గోడ పక్కన నేల మీదనే పడి ఉన్నదని, ఆ గోడ పునాది చుట్టూ నిరుడు చెదల మందు పోయించారని చెప్పారు. మొద్దు కింది భాగం ఆ నేలకే ఆని ఉన్నది. ఇప్పుడు ఏమి చేయాలి? కింది సగం కోసివేసి పై సగం వాడుకోవచ్చా? అదే చెట్టు కొమ్మ ఒకటి, మోచేతి లావున, మొదటి నుంచీ మేడ మీద అటక మీద పొడిగా ఉన్నదట.

సమాధానం
రాసినవారు: నాలుగో లైను (బ్రాడీపేట, గుంటూరు)

అమ్మా, మీరు ఆ ఫోను చేయడం ఎంతో మంచి పని అయింది. చెదల మందుగా ఎక్కువగా వాడే క్లోర్‌పైరిఫాస్ వంటివి నేలలో ఏళ్ళ తరబడి నిలిచి ఉండేటట్టు తయారు చేసినవి. నేల తేమతో పాటు అది మొద్దు లోపలికి ఎంత ఎత్తు వరకు పాకిందో కంటితో చెప్పలేము. సగం కోయడం వల్ల మనసుకు ధైర్యం వస్తుందేమో కానీ, తాబేలుకు భద్రత రాదు. మొద్దును పూర్తిగా వదిలివేయండి. పొయ్యిలో కూడా పెట్టవద్దని మేనమామగారికి చెప్పండి, ఆ పొగ మంచిది కాదు.

అటక మీది కొమ్మ వాడుకోండి. అయితే అటకలో బొద్దింకల మందు, చీమల పొడి చల్లే అలవాటు ఉన్నదేమో అది కూడా ఒకసారి అడగండి. మోచేతి లావు కొమ్మ ఒక్కటే తాబేలు పడుకోవడానికి సరిపోదు కనుక దాన్ని మూడు ముక్కలుగా కోసి పక్క పక్కన పేర్చి, చెరువుగట్టు గారు చెప్పిన స్టీలు మరలతో కింద అడ్డపట్టీ వేసి బిగిస్తే పలకలా తయారవుతుంది. అడ్డపట్టీ కూడా అదే కొమ్మ నుంచి తీయండి. పలక పైభాగం పూర్తిగా నీటి పైన ఉండాలి. తాబేలు డిప్ప అడుగు భాగం కూడా రోజుకు కొన్ని గంటలు ఆరాలి, తడి కర్ర మీద కూర్చుంటే అది ఆరదు. కర్ర తేమను పీల్చి పైకి తెస్తూ ఉంటుంది కనుక పైభాగం నీటి మట్టానికి నాలుగైదు అంగుళాల ఎత్తున ఉంటే మంచిది.

లావు మొద్దును ఎక్కువసేపు ఉడికిస్తే పై పొర చివుకుతుందని ఆయన అన్నది ఆలోచించదగిన మాటే. నా చింత మొద్దు పై పొరను నేను కూడా రెండుసార్లు గీకవలసి వచ్చింది. మీ కొమ్మ లావుకు గంటన్నర ఉడికితే చాలు.

కర్ర పెట్టిన మొదటి రెండు వారాలు తాబేలును గమనించండి. మేత మానినా, కళ్ళు వాచి మూసుకున్నా, నోరు తెరచి ఊపిరి పీల్చినా, ఒక పక్కకు ఒరిగి తేలినా కర్రను వెంటనే బయటికి తీసి, నీరంతా మార్చి, గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు తీసుకువెళ్ళండి. కర్ర ముక్కను కూడా వెంట తీసుకువెళితే వైద్యులకు కారణం వెతకడం సులువవుతుంది.

ప్రశ్న అడిగినవారి మాట
రాసినవారు: తాబేటిగూడు (భవానీపురం, విజయవాడ)

ఆరు వారాల తరువాత రాస్తున్నాను. అటకలో ఏ మందూ చల్లలేదని తెలుసుకొని కొమ్మ తెప్పించాము. బెరడు ఒలవడానికే నాకూ మా అబ్బాయికీ ఒక ఆదివారం పట్టింది. గంటన్నర ఉడకబెట్టి, ఇరవై రెండు రోజులు నానబెట్టి, నీరు లేత పసుపుకు దిగిన తరువాత కొలిచి బిగించాము. నానిన తరువాత ఒక్కొక్క ముక్క అడ్డంగా కొన్ని మిల్లీమీటర్లు పెరిగింది. చెరువుగట్టు గారు చెప్పకపోతే నేను పొడిగా ఉన్నప్పుడే కొలిచి ఉండేదాన్ని. గ్రానైటు పలకకు రంధ్రాలు వేసినాయన డబ్బు తీసుకోలేదు, తాబేలు కోసమని చెబితే నవ్వి ఊరుకున్నారు.

పెట్టిన నాలుగో రోజున పాకుడులాగ తెల్లని పొర కట్టింది. కంగారుపడి తీసి బ్రష్షుతో తోమి, వేడినీళ్ళు పోసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ కట్టింది. ఇది ప్రమాదమా?

సమాధానం
రాసినవారు: చెరువుగట్టు (పటమట, విజయవాడ)

కొత్త కర్రలో మిగిలిన చక్కెరలను తినడానికి చేరే బూజు, బాక్టీరియా కలిసిన పొర అది. తాబేలుకు హాని చేయదు. వారానికి ఒకసారి నీరు మార్చేటప్పుడు తుడిచివేస్తూ ఉంటే మూడు నాలుగు వారాలకు దానంతట అదే ఆగిపోతుంది. నల్లగా మారినా, కుళ్ళిన గుడ్డు వాసన వచ్చినా, గోరుతో నొక్కితే కర్ర మెత్తగా దిగినా అది కర్ర లోపలి కుళ్ళు. అప్పుడు తోమి లాభం లేదు, ఆ ముక్కను మార్చాలి. తాబేలు మెట్టు ఎక్కుతోందా?

ప్రశ్న అడిగినవారి మాట
రాసినవారు: తాబేటిగూడు (భవానీపురం, విజయవాడ)

మొదటి రెండు రోజులు దాని చుట్టూ తిరిగింది, ముక్కుతో తాకి చూసింది, ఒక అంచును కొరికి వదిలివేసింది. మూడో రోజు మధ్యాహ్నం మేమందరం భోజనాల దగ్గర ఉండగా మా అబ్బాయి పిలిచాడు. వెళ్ళి చూస్తే వెనక కాళ్ళు రెండూ బారజాపుకొని, మెడ పూర్తిగా చాచి, జామ కర్ర మీద కళ్ళు మూసుకొని ఉన్నది.